పంపరపనసకు కట్టిన తెల్లగుడ్డ

కిందటి భాగంలో థోవాను న్యా త్రాంగ్‌లో రైలెక్కించి, ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయి మనకు వారం గడిచింది. పాపం, ఆవిడకి మాత్రం గడిచింది ఒక్క పగలూ ఒక్క రాత్రే. చెక్క బెంచీ మీద కూర్చుని కూర్చుని, వాచిన కళ్లతో హ్వే స్టేషన్లో దిగింది. నలభై మూడేళ్ల మనిషి. దలాత్‌లో ఉన్ని స్వెట్టర్లు అల్లి బతుకుతుంది. తను కడుపులో ఉండగానే తండ్రి యుద్ధంలో పోయాడని వింటూ పెరిగింది. మూడు నెలల కిందట తల్లి కూడా పోయింది. ఆ తల్లి టీ డబ్బా అడుగున ఒక ఫోటో దొరికింది. అందులో ఒక కొలను, కొలను ముందు రాతి తెర, ఆ తెర పక్కన పడుచు వయసులో తల్లి. వెనక ఒక్క ముక్క రాసి ఉంది: "కిం లోంగ్, హా మంత్రిగారి తోట."

హ్వేలో కిం లోంగ్ పేటలోని ఆ తోటా, అందులో ఇల్లూ ఇప్పుడు మ్యూజియం. ఉత్తరం రాస్తే జవాబిచ్చింది డైరెక్టరు కాదు, గేటు దగ్గర టికెట్లు చింపి, మిగతా పొద్దంతా తోట చూసుకునే లోక్ అనే ముసలాయన. "నువ్వు రా తల్లీ. ఇది ఉత్తరంలో రాసే సంగతి కాదు. ఎంత తొందరగా వస్తే అంత మంచిది. ఎర్ర స్టూలు మీద కూర్చుని ఉంటాను. టికెట్టు ఇవ్వు, చింపుతాను, ఆ తరవాత నా వెనకే రా. ఇక్కడ ఎవరికీ నీ పేరు చెప్పకు, నాకు చుట్టమని అసలే చెప్పకు" అని రాశాడు.

అప్పుడే వెళ్లి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ తల్లి పోయి నూరు రోజులు నిండలేదు. తల మీద తెల్లగుడ్డ ఇంకా విప్పలేదు. పచ్చి మైలలో ఉన్న మనిషి పరాయి గడప ఎలా తొక్కుతుంది? కాస్త మర్యాద తెలిసిన ఇంట్లో పెరిగిన వాళ్లెవరైనా ఆగుతారు. థోవా కూడా ఆగింది. "పెదనాన్నగారికి, అమ్మ నూరో రోజు కాగానే బయల్దేరతాను. మైలతో వచ్చి మీ ఇంటికి కీడు తేలేను" అని జవాబు రాసింది. నూరో రోజున తలగుడ్డ విప్పింది, మర్నాడు దలాత్ ఆర్టిచోక్ పువ్వుల టీ పొట్లం ఒకటి ఆయన కోసం సంచీలో పెట్టుకుని న్యా త్రాంగ్ బస్సెక్కింది.

ఇవాళ నూట రెండో రోజు. ఉదయం తొమ్మిదిన్నర. హ్వేలో ఈ కాలమంతా ఉండే తుంపరే పడుతోంది. వానా కాదు, మంచూ కాదు, బట్టలు మాత్రం తడుపుతుంది. థోవా గేటు ముందు రిక్షా దిగేసరికి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు అక్కడే ఉంది. దాని మీద ఎవరూ లేరు.

"ఒక్కరేనా? గొడుగన్నా లేదే, అయ్యో!" టికెట్ల కిటికీలోంచి ఒక బొద్దు మనిషి తల బయటికి పెట్టింది. పేరు హన్ అని చొక్కా మీద పట్టీ. "ఉండండి ఉండండి, నేనే వస్తున్నా. ఇవాళ టికెట్టు అమ్మేదీ నేనే, చింపేదీ నేనే, ఇల్లు చూపించేదీ నేనే. ఇంక చెరువులో చేపలకి మేత కూడా వెయ్యమంటారేమో, చూడాలి!"

"ఇక్కడ ఒక పెద్దాయన ఉంటారని విన్నాను" అంది థోవా.

"ఎవరు చెప్పారు?"

"కిందటేడు మా స్నేహితురాలు వచ్చింది. బాగా మాట్లాడతారని చెప్పింది."

"ఆయనా? బాగా మాట్లాడ్డమా? మీ స్నేహితురాలు ఇంకెవర్నో చూసుంటుంది" అని నవ్వబోయి హన్ సగంలో ఆపేసింది. "ఇవాళ లేరులెండి. పదండి, పన్నెండింటికి హనోయ్ నుంచి పెద్దవాళ్లొస్తున్నారు. ఆ లోపల తోటంతా ఖాళీ చేయించాలిట."

రేపు వస్తారా అని అడగబోయి థోవా నోరు మూసుకుంది. మరీ గుచ్చి అడిగితే ఎవరు మీరంటారు. ఎవరో చెప్పకూడదు.

గేటు నుంచి దారి తిన్నగా ఉంది. రెండు వైపులా నడుమెత్తు కంచె మొక్కలు. ఆకు కూడా గీత దాటకుండా, గోడ కట్టినట్టు కత్తిరించి ఉన్నాయి. అంత శ్రద్ధగా కత్తిరించిన చేతులు ఎలా ఉంటాయో అనుకుంటూ నడిచింది థోవా. దారి చివర, ఇల్లు కనబడకుండా అడ్డుగా కట్టిన రాతి తెర, దాని మీద ఒక చెవి విరిగిన గుర్రం బొమ్మ. ఫోటోలో కూడా ఆ చెవి విరిగే ఉంది. అమ్మ ఇక్కడే, ఈ పలక మీదే నిలబడింది. థోవా వంగి ఆ పలకని చూసింది. తెరకి కుడి పక్కన అడుగు పెట్టబోయింది.

"అటు కాదండీ, అటు మూసేశాం! చూడ్డానికొచ్చినవాళ్లు ఎడమ నుంచే" అంది హన్.

తెర వెనక కొలను, కొలను వెనక ఇల్లు. లోపల చెక్క స్తంభాలకి రోజూ రుద్దిన నునుపు ఉంది. పూర్వీకుల పూజాపీఠం ముందు ఎర్ర తాడు కట్టి "ముట్టుకోరాదు" అని పెట్టారు. అగరు గిన్నెలో బూడిద కూడా లేదు, కడిగేశారు. ఆ ఖాళీ గిన్నె చూస్తే థోవాకి మనసు చివుక్కుమంది. ఎవరి పెద్దలైతేనేం, అన్నం పెట్టకపోయినా ఒక్క అగరుపుల్ల వెలిగించకూడదా?

హన్ గోడ మీద బోర్డు దగ్గర ఆగి గొంతు సవరించుకుంది. "ఇది వంశవృక్షం. హా మంత్రిగారికి ముగ్గురు కొడుకులు. పెద్దాయన చిన్నప్పుడే పోయారు. రెండో ఆయన సన్యాసం పుచ్చుకున్నారు. మూడో ఆయన పేరు వియెన్. తోటంటే పిచ్చి ఆయనకి. మీరు చూసిన కంచె, వెనక చూడబోయే చెట్ల వరసలు, అన్నీ తాడు పట్టి గీత గీసి వేయించింది ఆయనే. యాభై నాలుగులో సైన్యంలోకి తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. పిల్లల్లేరు. అక్కడితో ఆ వంశం సరి."

యాభై నాలుగు థోవా పుట్టిన ఏడు.

"ఆయనకి పెళ్లి?" అంది, గొంతు మామూలుగా ఉంచడానికి నానా అవస్థా పడుతూ.

"అయిందిట. ఆవిడ పేరు దొరకలేదు, ఒక్క ఫోటో కూడా దొరకలేదు. మా డైరెక్టరుగారు వెతకని చోటు లేదు పాపం. ఊళ్లో ముసలాళ్లందర్నీ అడిగారు. లోక్ పెద్దాయన్ని కూడా అడిగారు, 'నేను తరవాతొచ్చినవాణ్ణి బాబూ, నాకేం తెలుసు' అన్నాడు."

ఆ ఫోటో థోవా భుజానికి వేలాడే సంచీలోనే ఉంది. ఆ పేరు నాలుక చివర ఉంది. తల్లి పేరు ఉండాల్సిన చోట బోర్డు మీద తెల్లగా ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీని చూస్తూ నిలబడి, బట్టలు తడిసినందుకు వణుకుతున్నట్టు నటించింది. అడిగేది ఆ ముసలాయన్నే. చెప్పేది ఉంటే ఆయనకే చెబుతుంది. ఆయన ఇల్లెక్కడో ఎలాగోలా కనుక్కోవాలి.

"వెనక తోట చూసేసి వెళ్లిపోదురు గాని రండి. పంపరపనస పూత మీదుంది, ఆ వాసనకే సగం మంది వస్తారు" అంటూ హన్ వెనక తలుపు తీసింది. తీసి, అక్కడే ఆగిపోయింది. "చచ్చాను! తోట ఊడ్చే సువాంగ్ అత్త నా కొంప ముంచింది!"

వెనక తోటలో నాలుగేసి చెట్లు నాలుగు వరసలు. ఏ పక్క నుంచి చూసినా తిన్నగానే కనబడతాయి. ఒక్కో చెట్టు మొదట్లో ఇటికెల చుట్టు, ఇటికెల మీద నాచు. పూత వాసన గుప్పున కొట్టింది. థోవాకి ఆ వాసన పట్టలేదు. ప్రతి చెట్టు మానుకీ, మనిషికి తల ఉండే ఎత్తున, తెల్లటి గుడ్డ ముక్క చుట్టి ముడి వేసి ఉంది. అప్పుడే చింపిన గుడ్డ. తుంపరకి తడిసి మానుని అంటుకుపోయింది.

దాని అర్థం థోవాకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటి యజమాని పోతే ఆ చెట్లకీ మైల కడతారు. పెంచిన చెయ్యి పోయిందని చెట్టుకి చెప్పాలి. చెప్పకపోతే బెంగ పెట్టుకుని ఆకు రాలుస్తుంది, కాయ నిలవదు, రెండేళ్లలో మాను ఎండుతుంది. దలాత్‌లో వాళ్లు అద్దెకున్న ఇంటి ముసలి యజమాని పోయినప్పుడు తునికి చెట్లకి కట్టగా తను చిన్నప్పుడు చూసింది.

ఇక్కడ పోయింది ఎవరు? మ్యూజియానికి యజమాని ఎవరు? థోవాకి గేటు దగ్గరి ఖాళీ స్టూలు గుర్తొచ్చింది.

చివరి వరసలో, ఒక పొట్టి ముసలావిడ పీట మీద ఎక్కి ఆఖరి చెట్టుకి గుడ్డ కడుతోంది. వాన పడకుండా నెత్తిన ప్లాస్టిక్ సంచీ, భుజం మీద ఇంకో రెండు తెల్ల పీలికలు. అవతలి దారిలోంచి గొడుగు పట్టుకుని ఒకాయన గబగబా వస్తున్నాడు. యాభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, బూట్లకి బురద అంటకుండా చూసుకుని నడిచే మనిషి.

"డైరెక్టరు ఖ్వాత్‌గారు" అని గొణిగింది హన్. "మీరు ఇటు తిరగండి, చేపల్ని చూడండి. అసలిక్కడ ఏమీ జరగట్లేదు."

"సువాంగ్ అత్తా! ఏంటిది?" అన్నాడు ఖ్వాత్.

"కనబడట్లా? చెట్లకి మైల కడతన్నా."

"ఎవరి కోసం?"

"పోయినాయన కోసం. బతికున్నోళ్లకి కడతారా ఎవరైనా?"

"లోక్ పెద్దాయన కోసమా?"

ముసలావిడ ముడి బిగించింది. ఆ పేరు వినగానే థోవా పక్కనున్న స్తంభాన్ని పట్టుకుంది. నూట రెండు రోజుల కిందట ఒకరు, ఇప్పుడు ఒకరు. అడగడానికి ఇంకెవరు మిగిలారు?

ఖ్వాత్ గొంతు పెంచలేదు. అదే విచిత్రం, అతనిలో కోపం కన్నా భయమే ఎక్కువ కనబడింది. "అత్తా, ఆయనంటే నాకు మాత్రం గౌరవం లేదా? శవపెట్టె తెప్పించింది నేను. వెనక గదిలో ఉంచుకోనిచ్చింది నేను. మ్యూజియంలో శవమేమిటని పైవాళ్లు తిడితే పడింది నేను. కానీ చెట్లకి గుడ్డ కట్టేది ఇంటి యజమాని పోతే. కాపలాదారు పోతే కట్టరు. నేనూ ఈ కిం లోంగ్‌లో పుట్టినవాణ్ణే, నాకు చెప్పకండి."

"తెలుసుగా మరి" అంది సువాంగ్.

ఆ రెండు మాటలకే ఖ్వాత్ మొహం పాలిపోయింది. హన్ చేపల వైపు తిరిగి నిలబడింది గాని చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఆ మాట ఇంకెక్కడా అనకండి" అన్నాడు ఖ్వాత్ నెమ్మదిగా. "నేనేం అడగలేదు, మీరేం చెప్పలేదు. పన్నెండింటికి హనోయ్ వాళ్లొస్తారు. ఎవరు పోయారని అడుగుతారు. కాపలాదారంటే చెట్లకెందుకు కట్టారంటారు. అక్కణ్ణించి తవ్వుతారు. ఇరవయ్యేళ్లుగా ఆ మనిషి ఏ పేరుతో ఇక్కడున్నాడు, ఏ కాగితం మీద ఉన్నాడు, అంతకు ముందు ఎక్కడున్నాడు, అన్నీ తవ్వుతారు. అప్పుడు నా ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ఆ పెట్టెని మట్టి చెయ్యడానికి కూడా సంతకం పెట్టరు. అది కావాలా మీకు?"

"గుడ్డ తీసేస్తే చెట్లు ఎండిపోతయ్."

"ఎండితే కొత్తవి నాటుదాం."

"అయ్యి ఆయన చేత్తో నాటినయ్యి బాబూ" అంది సువాంగ్. గొంతులో జగడం పోయి బతిమాలడం వచ్చింది. "ఆయన కోసం కాదు. చెట్ల కోసం ఉంచు. మూడ్రోజులు."

ఖ్వాత్ అటూ ఇటూ చూశాడు. అప్పుడు కనబడింది అతనికి స్తంభం పట్టుకుని నిలబడ్డ థోవా. హడావిడిగా ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"మీరెవరండీ? పెద్దాయనకి ఏమన్నా అవుతారా?"

"ఆవిడ టికెట్టు కొనుక్కునొచ్చారండీ" అంది హన్.

"అవుతానంటే చెప్పండి, భయం లేదు" అన్నాడు ఖ్వాత్, నిజంగానే ఆశగా. "చుట్టం ఒక్కరున్నా నాకో దారి దొరుకుతుంది. వాళ్ల కోరిక మీద కట్టారని ఒక కాగితం రాసి సంతకం పెడితే చాలు. చుట్టాల వేడుకోలంటే ఎవరూ కాదనరు. గుడ్డలు ఉంచేస్తాను."

థోవా సువాంగ్ వైపు చూసింది. ముసలావిడ నేలనే చూస్తోంది. చెప్పమనీ అనదు, వద్దనీ అనదు. ఆయన రాసింది ఒక్కటే: నాకు చుట్టమని అసలే చెప్పకు. ఎందుకో రాయలేదు. ఆ ఎందుకు తెలిసిన మనిషి పెట్టెలో ఉన్నాడు. అసలు తను ఆయనకి ఏమవుతుందో తనకే తెలియదు. సంతకం పెడితే ఎవర్ని ముంచుతుందో, పెట్టకపోతే ఎవర్ని ముంచుతుందో అంతకన్నా తెలియదు. పోయినాయన మాట దాటడానికి నోరు రాలేదు.

"లేదండీ" అంది. "చూడ్డానికొచ్చాను. ఇదిగో టికెట్టు."

తడిసిన టికెట్టు ముక్క చాపి చూపించింది కూడా. ఎందుకు చూపించిందో తనకే అర్థం కాలేదు. సిగ్గుతో మొహం మండిపోయింది.

ఖ్వాత్ తల ఊపి గొడుగు కింద పెట్టాడు. ఎవర్నీ పిలవలేదు, ఎవరికీ పురమాయించలేదు. తనే మొదటి చెట్టు దగ్గరికి వెళ్లి ముడి విప్పాడు. గుడ్డ పిండి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. రెండో చెట్టు, మూడో చెట్టు. తుంపరలో జుట్టు నుదుటికి అంటుకుపోయినా తుడుచుకోలేదు. ప్రతి ముడీ గోటితో జాగ్రత్తగా విప్పాడు, ఒక్కటీ కత్తిరించలేదు. ముగ్గురు ఆడవాళ్లూ చూస్తూ నిలబడ్డారు. థోవాకి ఏడుపు కూడా రాలేదు. అరిచేవాడైతే తిరిగి అరవచ్చు. ఇలా మర్యాదగా విప్పేవాణ్ణి ఏమనాలి?

పదహారూ విప్పి సువాంగ్‌తో అన్నాడు: "ముహూర్తం గుర్రం ఘడియలో కదా, పెట్టె లేచేది? పదకొండు దాటగానే వెనక సందులోంచి తీసుకెళ్లిపోండి. ముందు గేటు నుంచి మాత్రం వద్దు." అని ఇంట్లోకి వెళ్లిపోయాడు. హన్ కళ్లు ఒత్తుకుంటూ అతని వెనకే వెళ్లింది. టికెట్టు కొన్న మనిషిని తోటలో వదిలేశానన్న ధ్యాసే లేదు ఆవిడకి.

సువాంగ్ పీట చంకన పెట్టుకుని థోవా ముందుకొచ్చి ఆగింది.

"దలాత్ నుంచేనా?"

థోవా తలూపింది.

"తలుపు తీసినప్పుడే పోల్చా. ఆ కనుబొమలు ఎక్కడికి పోతయ్. రా."

చెట్ల వరసలు దాటి, అరటి గుబురు వెనక, రేకుల గది. సామాన్ల గదిలో ఒక పక్క కత్తెరలూ గడ్డపారలూ, ఇంకో పక్క మంచం. మధ్యలో రెండు బెంచీల మీద పెట్టె. పెట్టె మీద గిన్నెడు అన్నం, అన్నంలో ఉడికిన గుడ్డు, తినడానికి రెండు పుల్లలు. ముగ్గురు పొరుగువాళ్లు బయట చూరు కింద సిగరెట్లు కాలుస్తూ ఘడియ కోసం కూర్చున్నారు. పెట్టెకి మేకులు కొట్టేశారు.

"ఎప్పుడు?" అంది థోవా.

"మొన్న తెల్లారగట్ట. నీ నూరో రోజు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటా ఉన్నాడు రోజూ. 'ఇయ్యాళ గుడ్డ విప్పుద్ది, రేపు బయల్దేరుద్ది' అన్నాడు. మంచినీళ్లు అడిగాడు. తెచ్చేసరికి లేడు."

"నేను మైలతో మీ గడప తొక్కకూడదని..." మాట పూర్తికాక థోవా పెట్టె మీద చెయ్యి వేసింది. మూడు నెలలు. రమ్మన్న రోజునే బయల్దేరితే అందులో రెండు నెలలన్నా మాట్లాడుకునేవాళ్లు. తన మర్యాద మండిపోను! కీడు తేకూడదని ఆగి, ఇంతకన్నా ఏ కీడు తెచ్చేది?

"నీ తప్పు కాదు" అంది సువాంగ్. "ఆ ఉత్తరం విని నవ్వాడు. 'పిల్లని బాగా పెంచింది' అన్నాడు. కళ్లు ఆనక నా చేత రెండు మూడు సార్లు చదివించుకున్నాడు ఆ ముక్క."

"ఆయన నాకేమవుతారు అత్తా?"

"బోర్డు మీద చదివి చెప్పలా హన్? మూడో పేరు."

"తిరిగి రాలేదని రాశారు."

"వచ్చాడు. ఇరవై రెండేళ్ల తరవాత, గడ్డం పెంచుకుని, ఇంకొకరి పేరు పెట్టుకుని, సొంత తోటలో కూలికి కుదిరాడు. పాత పేరు చెప్తే బతకనిచ్చే రోజులా అయ్యి? పోల్చింది నేనొక్కదాన్నే. ఖ్వాత్ బాబు కూడా ఈ మధ్య పోల్చుంటాడు, నోరు తెరవలా. మంచోడు, పిరికోడు." సువాంగ్ ముక్కు చీదింది. "మీ నాన్న, తల్లీ."

నాన్నని పెదనాన్నగారూ అని రాసింది. నాన్న చేతి రాత చూసి, ముసలాయన రాత ముచ్చటగా ఉందనుకుంది. నాన్నకి చుట్టాన్ని కానని ఇప్పుడే పరాయి మనిషికి టికెట్టు చూపించి మరీ చెప్పింది. థోవా పెట్టె పక్కన కూలబడింది.

"ఒక్కసారి మొహం చూపించండి అత్తా. మేకులు తీయించండి. ఒక్కసారి."

"తియ్యకూడదు. తెలుసుగా నీకూ."

"ఫోటో అన్నా లేదా?"

"దాక్కున్నోడు ఫోటో దిగుతాడా?"

థోవా అప్పుడు ఏడ్చింది. చూరు కింద మగవాళ్లు మాటలాపి ఇటు చూశారు. నలభై మూడేళ్లు లేని తండ్రి రెండు నిమిషాలు ఉండి మళ్లీ లేకుండా పోయాడు. ఆ మొహం ఎలా ఉండేదో ఇక ఏ దేవుడూ చూపించలేడు. ఏం చేసినా మారేది ఒక్కటీ లేదు. సువాంగ్ ఓదార్చలేదు, పక్కన కూర్చుని కొంగుతో పెట్టె మీది తడి తుడుస్తూ ఉండిపోయింది.

"ఘడియ వచ్చింది పెద్దమ్మా!" అని బయట నుంచి కేక.

సువాంగ్ లేచి, పెట్టె తలవైపు పెట్టిన పళ్లెం తెచ్చింది. రాలేకపోయిన బిడ్డ కోసం మడిచి పెట్టే తలగుడ్డ అందులో ఉంది. బిడ్డలు మాత్రమే కట్టుకునే ముతక జాలీ గుడ్డ, అంచు కుట్టనిది.

"కట్టుకుంటావా? కట్టుకుని బయటికొస్తే ఇందాక చెప్పిన అబద్ధం నిలవదు. ఖ్వాత్ బాబు కిటికీలోంచి చూస్తానే ఉంటాడు."

"కట్టండి" అంది థోవా.

సువాంగ్ నుదుటి మీద గుడ్డ సర్ది, వెనక ముడి వేసింది. రెండు కొసలూ వీపు మీద వదిలింది. థోవా అలవాటుగా చెయ్యి వెనక్కి పెట్టి వాటిని సరిచేసుకోబోయింది. ఉన్ని అల్లే వేళ్లు, చూడకుండానే కొలత పట్టేస్తాయి. ఒక కొస నడుం దాకా ఉంది. రెండోది జానెడు పైనే ఆగిపోయింది.

"అత్తా, కొసలు సమానంగా లేవు."

"లేవు."

"తప్పు కత్తిరించారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయినవాళ్లకి సమానంగా కదా ఉంచేది? ఇద్దర్లో ఒకళ్లు బతికుంటేనే కదా ఒకటి పొట్టిగా తీసేది? మా అమ్మ పోయిందని ఆయనకి నేను రాశాను."

"రాశావు. చదివి వినిపించింది నేనే."

"మరి?"

"కత్తిరించింది ఆయనే. మంచం మీంచి లేవలేకపోయినా కత్తెర నాకివ్వలా. రెండో కొస పొట్టి చేస్తా ఉంటే చెయ్యి పట్టుకుని ఆపాను. 'ఇన్నేళ్ల తరవాత ఎందుకు, పెంచిన తల్లి తల్లి కాదా, పిల్లని బాధపెట్టమాక' అన్నాను. వినలా."

థోవా తల తిప్పి చూసింది. ముసలావిడ మొహం ఇంత దగ్గరగా చూడ్డం ఇదే. ప్లాస్టిక్ సంచీ కింద తెల్ల జుట్టు. మగవాళ్లు లోపలికొచ్చి పెట్టెకి కర్రలు దూర్చారు. ఒకడు "కూతురు ముందు నడవాలమ్మా, లేవండి" అంటున్నాడు. ఎవరూ చెప్పకుండానే వాళ్లకి తెలిసిపోయింది, గుడ్డ చూసి.

"ఎందుకాపారు?" అంది థోవా. "మీరెందుకాపారు అత్తా? మా అమ్మ ఎవరు?"

పెట్టె నేల మీంచి లేచింది. సువాంగ్ చేతులు ఆ ముడి మీదే ఉండిపోయాయి.

"బయట జనం ఉన్నారు" అంది, గొంతు బాగా తగ్గించి. "వాళ్ల ముందు మాత్రం అత్తా అనే పిలు."